చేతికిచ్చి రా

కరోనా సెలవులు ముగిసి బళ్లు పూర్తిగా తెరుచుకున్న ఏడాది, జూన్ నెలలో నన్ను సూర్యాపేట నుంచి కోదాడ వైపుకు మార్చారు. ఆఫీసు కాగితాల్లో నా హోదా ఐఈఆర్పీ. వినికిడి లేని, చూపు తక్కువైన, మాట రాని, నిలకడ లేని పిల్లలకు మామూలు బడిలోనే చదువు సాగేలా చూసే టీచరని దాని అర్థం. మండల కేంద్రంలో మాకు భవిత కేంద్రమని ఒక గది ఉంటుంది. వారంలో కొన్ని రోజులు అక్కడ, మిగతా రోజులు ఊళ్ల మీద. హెడ్మాస్టర్లకు నేను సలహా చెప్పొచ్చు గానీ ఆర్డరు వెయ్యలేను. ఈ ఉద్యోగంలో సగం కష్టం అక్కడే ఉంది.

అప్పటికి నా సర్వీసు చివరి ఏళ్లలో ఉన్నాను. సూర్యాపేటలో పొద్దున్నే బస్సెక్కి కోదాడలో దిగి, ఆటోలు పట్టుకొని బళ్లకు పోయేదాన్ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని తోటి టీచర్లు అనేవాళ్లు. ఉంటుంది మరి. "దీనికి ఏ రోగం లేదు మేడమ్, ఒళ్లు పొగరు" అని చదువు చెప్పేవాళ్లే ఒక పిల్లను చూపించి అంటే కోపం రాక ఇంకేమొస్తుంది?

ఆ మాట అన్నది కావేరి గురించి. పేరు మార్చి రాస్తున్నాను, ఊరి పేరు అసలు చెప్పను. కోదాడ నుంచి మేళ్లచెరువు పోయే వైపు ఒక ప్రాథమిక పాఠశాల. బడి ముందర రోడ్డు, రోడ్డు మీద పగలంతా సిమెంటు లారీలు. కొంత దూరం పోతే సాగర్ కాల్వ, దాని మీద వంతెన. బడికి మూడు వైపులే ప్రహరీ ఉంది. నాలుగో వైపు రోడ్డుకు తెరుచుకొని ఉండేది.

కావేరి పక్క తండా పిల్ల, నాలుగో తరగతి. ఇంట్లో లంబాడీ, బయట తెలుగు, రెండూ గలగలా మాట్లాడేది. కుదురుగా కూర్చోవడమే రాదు. లెక్క సగంలో వదిలి కిటికీ దగ్గరకు, అక్కడి నుంచి నీళ్ల బిందె దగ్గరకు, అక్కడి నుంచి బయటికి. కాలికి బలపం కట్టుకొని తిరుగుతదని ఊరంతా అనేది.

ఒక సెలవు రోజు ఇంటికి పోయి చూద్దును గదా, పిల్ల కాలిని చున్నీతో మంచం కోడుకు కట్టేసి ఉంది. వాళ్ల అమ్మ బుజ్జి కూలికి పోయేటప్పుడు అట్లా కట్టి పోతుందట. ఆమె రాగానే గట్టిగా అరిచాను. బుజ్జి నాకు ఎదురు చెప్పలేదు. "నాట్లకు పోతే నా కండ్లు ఈడుండయి గద మేడమ్. ఒకపారి కాల్వ ఒడ్డున కాళ్లు జారేసి కూసున్నది. బర్లు కాసేటోళ్లు సూసిండ్రు కాబట్టి బతికింది" అంది. ఆ తల్లి చేసింది కోపంతో కాదు, భయంతో.

తల్లీకూతుళ్లను సూర్యాపేట దవాఖానకు నేనే తీసుకుపోయాను. డాక్టరు పిల్లను చూసి, తల్లినీ నన్నూ విడివిడిగా అడిగి, ఏడీహెచ్‌డీ అని రాశారు. మనసు ఒక పని మీద నిలవడానికి, ఒళ్లు ఒకచోట ఊరుకోవడానికి కావలసిన అదుపు వయసుకు తగినంత రాకపోవడం. పొగరూ కాదు, పెంపకం లోపమూ కాదు. ఇదొక్కటే ఉన్న పిల్లలకు వికలాంగులకిచ్చే సదరం సర్టిఫికెట్ రాదు. అంటే సర్కారు నుంచి ప్రత్యేకంగా వచ్చేదేమీ లేదు, క్లాసు టీచరు ఓపిక ఒక్కటే దిక్కు.

ఆ ఓపిక శైలజ టీచర్‌కు ఉంది. మిర్యాలగూడలో కాపురం, రోజూ బస్సు మీద వచ్చిపోయేది. మేమిద్దరం కూర్చొని కావేరికి ఒక ప్రణాళిక రాసుకున్నాం. కిటికీకి దూరంగా ముందు వరసలో చోటు. ఒకసారికి ఒక్కటే మాట చెప్పాలి. పది లెక్కలు ఒక్కసారే ఇవ్వకుండా రెండేసి ఇవ్వాలి. కూర్చోలేకపోతే వెనక నిలబడి రాసుకోనివ్వాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఒళ్లు కదలాలని కొట్టుకునే వేళకు ముందే ఏదో పని మీద బయటికి పంపాలి. చాక్‌పీసుల డబ్బా పక్క క్లాసుకు, డస్టరు హెచ్ఎం సార్‌కు. కదిలి వచ్చాక పిల్ల కాసేపు చదువు మీద నిలబడుతుంది. ఇది మా శాస్త్రంలో అందరికీ తెలిసిన పద్ధతే.

మొదట్లో అది పని చెయ్యలేదు. డబ్బాను దారిలో కిటికీ మీద పెట్టి, ఉడత వెంట పోయేది. శైలజ టీచరే దానికి మందు కనిపెట్టింది. మనిషి పేరు చెప్పి, "చేతికిచ్చి రా" అనేది. ఆ మాట పిల్లకు ఎట్లా పట్టిందో పట్టింది. పోయేది, ఎదుటివాళ్లు చెయ్యి చాపేదాకా నిలబడేది, పెట్టేది, ఉరికి వచ్చేది. ఏ పనీ చివరిదాకా చెయ్యని పిల్ల ఆ ఒక్క పని పూర్తిగా చేసేది. దసరా నాటికి రెండేసి లెక్కలు నాలుగయ్యాయి. బడి ఉన్నంతసేపు పూచీ నాదని బుజ్జికి మాటిచ్చాను. ఇంటి దగ్గర ఆమె చెల్లెలిని కాపలా పెట్టించి, కట్టెయ్యడం మాన్పించాను.

జనవరి నెలాఖరులో, యాసంగి నాట్లు సాగుతున్న రోజుల్లో, శైలజ అత్తగారికి మిర్యాలగూడలో కంటి ఆపరేషన్ అయింది. ఆమె సెలవు పెట్టింది. పక్క ఊరి బడి నుంచి కిరణ్ అనే కుర్ర టీచర్ను సర్దుబాటు మీద వేశారు. కోదాడ పిల్లవాడు, మంచివాడు. కావేరిని మధ్యమధ్య పని మీద పంపమని, "చేతికిచ్చి రా" అనమని హెచ్ఎం అతనికి చెప్పారు. అతను చెప్పింది చెప్పినట్టు చేశాడు. ఒక్క సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. శైలజ టీచర్ పిల్లను పంపే ముందు తల తిప్పి, అవతలి మనిషి కుర్చీలో ఉన్నాడో లేడో చూసుకునేది. అది ఆమెకు అలవాటు. ప్రణాళికలో లేదు, ఎవరి నోటా లేదు.

ఆ రోజు ఇంటర్‌వెల్ అయ్యాక నేను ఆటో దిగాను. క్లాసులో కావేరి సంచి ఉంది, కావేరి లేదు. కిరణ్ వరండాలో నిలబడి రోడ్డు వైపు చూస్తున్నాడు.

కావేరి ఏదని అడిగాను. "హెచ్ఎం గారు ఫోన్ టేబుల్ మీద మర్చిపోయి మీటింగుకు బయల్దేరారండి. బయట బండి చప్పుడైతే, ఆయన చేతికిచ్చి రమ్మని పంపానండి. ఇంటర్‌వెల్‌కు ముందేనండి" అన్నాడు. పిల్ల రోడ్డు దగ్గరికి చేరేసరికే బండి వెళ్లిపోయి ఉంటుందని అతనికీ అర్థమైంది, నాకూ అర్థమైంది.

ముందు బడిలో వెతికాం. బాత్‌రూములు, వంట షెడ్డు, వెనక తుమ్మచెట్లు. హెచ్ఎం ఫోన్‌కు చేస్తే రింగవుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. బడిలో ఫోన్లన్నీ సైలెంట్లో ఉండాలన్నది ఆయన పెట్టిన రూలే, ఆయన ఫోనూ అట్లాగే ఉంది. పిల్ల పిడికిట్లో వెలుగుతూ ఆరుతూ ఉందన్నమాట, పిల్లకు తెలియదు. మీటింగు జరిగే హైస్కూలు హెచ్ఎంకు చేశాను. ఆమె కూడా ఎత్తలేదు.

రోడ్డవతల మడిలో నాటు వేస్తున్న బుజ్జికి ఎవరో చెప్పారు. మోకాళ్లదాకా బురదతో వచ్చింది. ఏడవలేదు. "కాల్వ సూసిండ్రా?" అని ఒక్కటే అడిగింది. లేదన్నాం. అప్పుడు నా మొహంలోకి చూసి, "కట్టెయ్యొద్దంటివి గద మేడమ్" అంది. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో అంత మెల్లగా అన్న మాటకు అంతగా భయపడింది లేదు.

అందరం కాల్వకు నడిచాం. నాట్ల కాలం గనుక నీళ్లు నిండుగా, ఒడ్డును రాసుకుంటూ పోతున్నాయి. బర్రెను కడుగుతున్న ఒకాయనను అడిగాం. "బడి బట్టలేసుకున్న పొల్ల గీడ నిలబడి నీళ్ల దిక్కు సూస్తుండె. నేను బర్రెను ఒడ్డెక్కిచ్చి మళ్ల సూసేసరికి లేదు" అన్నాడు.

బుజ్జి ఒడ్డున కూలబడింది. ఇద్దరు ముగ్గురు అంగీలు విప్పుతున్నారు, ఒకరు తాడు కోసం ఊళ్లోకి ఉరికారు. నేను నీళ్లలోకి చూడలేక రోడ్డు వైపు తిరిగాను. అటు చూస్తే లారీలు. ఎటు చూసినా భయమే, ఎటు ముందు పోవాలో తెలియదు.

అప్పుడు శైలజ టీచర్‌కు ఫోన్ చేశాను. ఆస్పత్రి వరండాలో ఉందేమో, వెనక జనం గోల. పిల్ల కనిపించడం లేదంటే ఆమె కంగారుపడింది గానీ, వెంటనే ఒక ప్రశ్న అడిగింది. "ఏమని పంపిండు మేడమ్?" చేతికిచ్చి రా అన్నాడట అని చెప్పాను. "అయితే అది నీళ్లల్లకు పోదు మేడమ్. సార్ చెయ్యి దొరికేదాక సార్ ఎనకాలనే పోతది. సార్ ఎటు పోయిండు?" అంది.

సార్ పోయింది కాంప్లెక్స్ మీటింగుకు. చుట్టుపక్కల బళ్ల టీచర్లంతా ఒక హైస్కూల్లో చేరి జరుపుకునే నెలవారీ సమావేశం అది. పొద్దున ప్రార్థనలో పిల్లలందరి ముందే ఆ ఊరి పేరు చెప్పారు. వంతెన దాటి, లారీలు పోయే ఆ రోడ్డు మీదే పోవాలి.

శైలజ మాట తప్పయితే? పిల్ల నీళ్లలోనే ఉంటే? తల్లిని కాల్వ దగ్గర వదిలి రోడ్డు మీద పోవడానికి నాకు మనసొప్పలేదు. కానీ ఆ పిల్ల గురించి శైలజకు తెలిసినంత నాకు తెలియదు, తల్లికీ తెలియదేమో. మీరు ఇక్కడ వెతకడం ఆపొద్దని ఊరివాళ్లకు చెప్పి, కిరణ్ బండి వెనక కూర్చున్నాను. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆ పూట నాకు కీడు తప్ప ఏమీ తోచలేదు. లారీ ఎదురైన ప్రతిసారీ దాని టైర్ల కిందికే నా చూపు పోయేది. రోడ్డు పక్క గుంతలో బట్ట లాంటిది ఏదన్నా కనిపిస్తే బండి ఆపించేదాన్ని. సిమెంటు సంచులు, ఒకచోట ఎవరో పారేసిన చీర. ఒక చేత్తో బండి పట్టుకొని, ఇంకో చేత్తో హెచ్ఎం నంబరు నొక్కుతూనే ఉన్నాను.

ఎన్నోసారో ఏమో, అవతల ఎత్తారు. మొదట గిన్నెల చప్పుడు. తర్వాత, "హలో. సార్ లేడు" అని కావేరి గొంతు.

బండి ఆపమన్నాను. దిగి రోడ్డు పక్కన నిలబడ్డాను. ఎక్కడున్నవని అడిగితే, "హైస్కూల్ల వంటకాడ. సార్ గీడికి వచ్చి మళ్ల కోదాడ పోయిండంట. కోదాడకు ఎటు పోవాలె మేడమ్?" అంది.

పక్కనుంచి వంటామె ఫోన్లోకి వంగి చెప్పింది. పొల్ల అప్పుడే వచ్చి కోదాడ దారి అడిగిందట. సార్లెవరో ఫోన్ మాకియ్యమంటే ఇవ్వలేదట. పిడికిట్లో వెలుగు కనిపించి ఆమె ఎత్తబోతే సార్ ఫోన్ ముట్టొద్దని పిల్ల వెనక్కి తగ్గిందట. "అయితే నువ్వే ఒత్తు బిడ్డా" అంటే ఒత్తిందట.

తిట్టాలన్నంత కోపం, ఏడవాలన్నంత భయం, రెండూ ఒక్కసారే వచ్చాయి. రెండింటినీ మింగాను. ఎందుకంటే అసలు గండం ఇంకా గడవలేదు. "అక్కడే కూర్చో, నేనొస్తున్నా" అంటే కావేరి కూర్చోదు. కూర్చోగలిగితే ఆమెకు నాతో పనే లేదు. నేను పోయేలోపు కోదాడ దారి పట్టేస్తుంది, ఆ దారి ఇంకా పెద్దది. వంటామెను పట్టుకోమంటే పెనుగులాడి ఉరుకుతుంది.

"కావేరీ, సార్ చెప్పిండు. ఫోన్ నా చేతికియ్యాలె. నేనే ఆడికి వస్తున్న. నా చేతికిచ్చేదాక ఫోన్ ఎవ్వరికీ ఇయ్యకు, ఎటూ పోకు" అన్నాను. ఆ ఫోన్ సంగతి సార్‌కు తెలియనే తెలియదు, అబద్ధమే ఆడాను. "మీ చేతికా?" అని అడిగింది. నా చేతికేనన్నాను. సరే అంది. చేతులకు పని లేకపోతే కాళ్లు కదులుతాయి గనుక, ఉల్లిగడ్డలు ఉంటే పిల్ల ముందర పోసి పొట్టు తియ్యమనండని వంటామెకు చెప్పాను.

అక్కడికి పోయేదాకా నాకు నమ్మకం లేదు. వంట షెడ్డు ముందర నిలబడి ఉల్లిగడ్డ పొట్టు తీస్తోంది, చంకలో ఫోన్. నన్ను చూసి ఉల్లిగడ్డ పడేసి వచ్చి, నేను చెయ్యి చాపేదాకా ఆగి, ఫోన్ నా చేతిలో పెట్టింది. "లెక్క సగంల ఉంది మేడమ్, పోదామా" అంది. కాల్వ దగ్గర ఉన్న వాళ్లకు కిరణ్ ఫోన్ చేశాడు. దొరికిందన్న ఒక్క మాట అని ఫోన్ నాకిచ్చాడు, మిగతాది నేను చెప్పాను.

మర్నాడు హెచ్ఎం సమావేశం పెట్టారు. ముందు రోజు కాంప్లెక్స్ మీటింగు మధ్యలో మండల ఆఫీసు నుంచి పిలుపొస్తే కోదాడ పోయారట, సాయంత్రం దాకా ఆయనకు ఏదీ తెలియదు. ఇక ఆ పిల్లను గడప దాటనిచ్చేది లేదన్నారు. సిమెంటు కంపెనీలో లోడింగు పనికి పోయే తండ్రి వచ్చి, చదువు ఖతం, ఇంటికాడ ఉంటదన్నాడు. ఇంటికాడ ఉండటం అంటే ఏమిటో నాకు తెలుసు. ఎవరిది తప్పని కాసేపు వాదులాడుకున్నారు. కిరణ్ తల వంచుకొని కూర్చున్నాడు. నాకు విసుగొచ్చింది. తప్పు ఎవరిదో తేలితే పిల్లకు ఒరిగేదేముంది? ఒక్క వారం గడువివ్వమని అడిగాను. ఆర్డరు వెయ్యలేనని ముందే చెప్పాను గదా, బతిమాలుకోవాల్సిందే. హెచ్ఎం మంచి మనిషి, ఒప్పుకున్నారు.

శైలజ టీచర్ సెలవు తగ్గించుకొని వచ్చింది. హెచ్ఎం పైవాళ్లను అడిగి కిరణ్‌ను కూడా వేసవి సెలవుల దాకా ఉంచుకున్నారు. పిల్లకు రెండో మాట నేర్పడం మొదలుపెట్టాం. మనిషి ఉంటే చేతికిచ్చి రా, మనిషి లేకపోతే నాకే తెచ్చియ్యి. చెప్పడానికి తేలికే. పట్టుకున్న పనిని వదలకూడదని కష్టపడి నేర్చుకున్న పిల్లకు, వదిలి వెనక్కి రావడమూ పని పూర్తి చెయ్యడమేనని నేర్పాలి. ముందు క్లాసులోనే, టీచర్ కుర్చీ ఖాళీగా పెట్టి ఆట లాగా ఆడించాం. తర్వాత పక్క గదికి పంపాం.

వారం చివర బుజ్జిని పిలిపించాను. ఆమె చూడకుండా ఏ పరీక్ష పెట్టినా లాభం లేదని నాకు అనిపించింది. హెచ్ఎంను తలుపు చాటున నిలబెట్టి, ఆయన కుర్చీ ఖాళీగా ఉంచాం. రోడ్డు వైపు ఎప్పటిలాగే తెరిచే ఉంది. రోడ్డు ఒడ్డున కిరణ్‌ను నిలబెట్టాను, అవసరమైతే పట్టుకోవడానికి. నేను, శైలజ, బుజ్జి కిటికీ వెనక.

శైలజ చాక్‌పీసుల డబ్బా ఇచ్చి, "సార్ చేతికిచ్చి రా" అంది. రెండో మాట కావాలనే అనలేదు.

కావేరి ఉరికింది. కుర్చీ చూసి ఆగింది. బల్ల కిందికి వంగి చూసింది. వరండా చివరకు వచ్చి రోడ్డు వైపు చూస్తూ నిలబడింది. సార్ బండి ఉండే చోటు ఖాళీగా ఉంది, దాన్ని ముందే తీయించాం. ఒక కాలు మెట్టు దిగింది. లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. బుజ్జి నా చెయ్యి పట్టుకుంది, గోళ్లు దిగేటట్టు. నేను కిరణ్‌కు సైగ చెయ్యబోయి ఆగాను.

పిల్ల కాసేపు అట్లాగే నిలబడింది. తర్వాత మెట్టు ఎక్కి, వెనక్కి తిరిగి, ఉరికి వచ్చి డబ్బాను శైలజ చేతిలో పెట్టింది. "సార్ లేడు టీచర్. ఇగో" అంది.

శైలజ కళ్లు తుడుచుకుంది. హెచ్ఎం బయటికొచ్చి శభాష్ అన్నారు. నేను బుజ్జి వైపు చూశాను, ఇప్పుడన్నా మొహం విప్పుతుందేమోనని. ఆమె నా చెయ్యి వదల్లేదు.

"మళ్ల పంపుండ్రి మేడమ్" అంది. "ఒక్కపారికి నేను నమ్మ."

మళ్లీ పంపాం. ఆమె కూలి లేని రోజుల్లో వచ్చి అదే కిటికీ వెనక నిలబడేది. ఒక రోజు పిల్ల రోడ్డు దాకా పోయింది కూడా, కిరణ్ ఆపాడు. మళ్లీ మొదటి నుంచి నేర్పాం. వేసవి సెలవుల ముందు ఒక పొద్దున బుజ్జి వచ్చి, పిల్ల వెళ్లి రావడం చూసి, ఇక చాలు అని చెప్పి మిరపకాయ ఏరే కూలికి పోయింది. పై ఏడు కావేరి ఐదో తరగతికి వచ్చింది.

ఆ తర్వాత నేను రాసిన ప్రతి ప్రణాళికలో రెండు సంగతులు తప్పకుండా చేర్చాను. పిల్లకు ఏ పని చెప్పినా, అది కుదరకపోతే ఏం చెయ్యాలో కూడా నేర్పాలి. క్లాసు టీచరు ఆలోచించకుండా చేసే అలవాట్లను పక్కన కూర్చొని చూసి రాసుకోవాలి, ఆమె సెలవు పెట్టిన రోజు వాటితోనే పని పడుతుంది. మూడోది కాగితం మీద రాసేది కాదు. తల్లులకు భయపడొద్దని చెప్పడం మానేశాను. పరీక్ష వాళ్ల కళ్ల ముందే పెట్టి, వాళ్లు చాలన్నప్పుడే ఆపేదాన్ని.